తిరిగే రెక్క నుంచి కబురు

గుంజకి కట్టేసిన దూడ ఒకే వైపుకి తిరుగుతూ పోతే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పలుపు గుంజకి చుట్టుకుంటూ చుట్టుకుంటూ వచ్చి, చివరికి దూడ మూతి గుంజకి ఆనుకుంటుంది. ఎవరో ఒకరు వెళ్ళి వెనక్కి తిప్పేదాకా అది అక్కడే నిలబడి అరుస్తూ ఉంటుంది. ఈ వ్యాసం ఆ పలుపు గురించే. దూడకి బదులు గాలిమర రెక్క, పలుపుకి బదులు కరెంటు తీగ. అంతే తేడా.

గాలిమర రెక్క మీద గాలి ఏ చోట ఎంత నొక్కుతోందో, రెక్క ఎంత వంగుతోందో తెలియాలంటే కొలిచే పరికరాన్ని ఆ రెక్కకే అతికించాలి. అది చెప్పే అంకె కింద కూర్చున్న మనిషికి చేరాలి. రెక్క తిరుగుతోంది, మనిషి తిరగటం లేదు. మధ్యలో తీగ కడితే నాలుగు చుట్లకే మెలిపడి తెగిపోతుంది. వినటానికి చిన్న చిక్కే. కానీ గాలిమరల శాస్త్రం రెండున్నర శతాబ్దాలుగా ఈ చిక్కు చుట్టూ తిరుగుతూ వచ్చింది. ఇప్పుడు ఆ కబురు తీగ లేకుండా, రేడియో మీద వస్తోంది. తెలుగులో గాలిమాట అంటే ఆధారం లేని మాట. మరి గాలి గురించి గాలిలోంచి వచ్చే ఈ మాటని ఎంతవరకు నమ్మాలి? నేను కొన్నాళ్ళు ఈ పనిలో ఉన్నాను. ఒకసారి బోల్తా పడ్డాను కూడా. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు కథ మొదటినుంచి.

మరే గాలి దగ్గరికి వెళ్ళింది

జాన్ స్మీటన్ ఇంగ్లండులో యార్క్‌షైర్ మనిషి. ఎడ్డిస్టోన్ దీపస్తంభం కట్టినవాడిగా ప్రసిద్ధుడు. 1759లో ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఒక పరిశోధన పత్రం సమర్పించాడు. నీటికీ గాలికీ సహజంగా ఉన్న బలాన్ని మరలు ఎంతవరకు పట్టుకోగలవన్నది అందులో విషయం. దానికి కోప్లీ పతకం వచ్చింది.

నీటిమర నమూనా మీద నీళ్ళు పొయ్యటం తేలిక. గాలి అలా కాదు. పిలిస్తే రాదు, వచ్చినా ఒక్క తీరుగా ఉండదు. అందుకని స్మీటన్ పనిని తిరగేశాడు. గాలి మర దగ్గరికి రాకపోతే మరే గాలిలోకి వెళ్ళాలి. నిలువు స్తంభానికి అడ్డంగా పొడుగాటి చెయ్యి ఒకటి బిగించి, దాని కొసన చిన్న గాలిమర నమూనా పెట్టాడు. తాడు లాగితే స్తంభం తిరుగుతుంది, దాంతో చెయ్యి తిరుగుతుంది, కొసనున్న మరకి ఎదురుగాలి తగిలి అదీ తిరుగుతుంది. మర ఇరుసుకి చుట్టుకునే సన్నతాడు ఒక తక్కెడ పళ్ళేన్ని పైకి లాగుతుంది. పళ్ళెంలో ఎంత బరువు ఉంది, ఎంత వేగంగా లేచింది అన్నదే కొలత.

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. అయితే దానికి ఒక హద్దు ఉంది. స్మీటన్‌కి దొరికింది మర మొత్తం చేసిన పని. రెక్క మొదట్లో గాలి ఏం చేస్తోంది, కొసన ఏం చేస్తోంది అన్నది ఆ పళ్ళెం చెప్పలేదు. ఇరుసు ఒక్కటే మాట్లాడుతుంది, రెక్కలు మాట్లాడవు.

ఆ పత్రంలోనే గాలి వేగానికి, అది పలక మీద చూపే ఒత్తిడికి సంబంధం చెప్పే పట్టిక ఒకటి ఉంది. రౌస్ అనే మిత్రుడు ఇచ్చినది. దాన్నుంచి వచ్చిన 0.005 అనే గుణకాన్ని 'స్మీటన్ గుణకం' అంటూ నూటనలభై ఏళ్ళు వాడారు. మధ్యలో శంకించినవాళ్ళు లేకపోలేదు కానీ, అచ్చయిన అంకెకి ఉండే మర్యాద వేరు. 1901లో రైట్ సోదరుల గ్లైడరు లెక్క ప్రకారం లేవాల్సినంత లేవలేదు. తప్పు గ్లైడరుదా, లెక్కదా? వాళ్ళు తమ కొలతలనుంచి వెనక్కి లెక్కగట్టి ఆ గుణకం 0.0033కి దగ్గరగా ఉండాలని తేల్చారు. ఆ ఏడాది చివర్లోనే డేటన్‌లోని సైకిలు షాపులో ఆరడుగుల పొడవున్న పెట్టెలాంటి విండ్ టన్నెల్ కట్టుకుని, రంపపు బ్లేడు ముక్కలతో, సైకిలు పుల్లలతో చేసుకున్న తక్కెడ మీద రెక్కల నమూనాలు రెండు వందల దాకా పరీక్షించారు. అచ్చయిన అంకెని నమ్మకుండా మళ్ళీ కొలవటం అనే అలవాటుతోనే విమానం పుట్టింది.

ఆస్కోవ్ బడిపంతులు

గాలిమరని మొదట విండ్ టన్నెల్‌తో ముడిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు పౌల్ ల కూర్. డెన్మార్క్‌లో ఆస్కోవ్ అనే ఊళ్ళో, పల్లెటూరి యువకులకోసం పెట్టిన బడిలో పంతులు. 1891లో ప్రభుత్వ సాయంతో అక్కడ కరెంటు తీసే గాలిమర కట్టాడు. ఆ కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ నిలవచేసి, దాంతో బడిలో దీపాలు వెలిగించాడు. హైడ్రోజన్‌లో ఆక్సిజన్ కలిసి పేలుళ్ళు జరిగి, బడి కిటికీ అద్దాలు మార్చాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

1890ల రెండో సగంలో ఆయన చిన్న విండ్ టన్నెల్ కట్టి రెక్కల నమూనాలు పరీక్షించాడు. అప్పటికి గాలిమర అంటే బోలెడు రెక్కలుండాలన్నది అందరి ఊహ. అమెరికాలో క్లీవ్‌లండ్‌లో చార్లెస్ బ్రష్ 1888లో కట్టిన మరకి 144 దేవదారు రెక్కలు. అంత పెద్ద మర ఇచ్చింది 12 కిలోవాట్లు. ల కూర్ ప్రయోగాలు వేరే దారి చూపించాయి: కరెంటుకోసమైతే తక్కువ రెక్కలు, వేగంగా తిరిగేవి మేలు. ఆయన శిష్యుడు యోహన్నెస్ యూల్ 1957లో గెడ్సర్ అనే చోట కట్టిన మూడు రెక్కల, 200 కిలోవాట్ల మర పదేళ్ళు పనిచేసింది. ఇప్పుడు మనం కొండల మీద చూసే మూడు రెక్కల మరలకి అదే పెద్దన్న.

1920 ప్రాంతంలో జర్మనీలోని గ్యోటింగన్‌లో ఆల్బర్ట్ బెట్స్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఎంత గొప్ప మరైనా తనగుండా పోయే గాలిలోని శక్తిలో 27లో 16 వంతులకి మించి, అంటే 59.3 శాతానికి మించి, పట్టుకోలేదని కాగితం మీద నిరూపించాడు. గాలినంతటినీ ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారి ఉండదు కదా!

ఇంతవరకు కథలో కొలతలన్నీ రెండు రకాలు. ఒకటి, ఇరుసు దగ్గర మొత్తం బలం కొలవటం. రెండు, తిరగని రెక్క ముక్కని టన్నెల్‌లో నిలబెట్టి కొలవటం. మరి తిరిగే రెక్కని అడగటం ఎందుకు? తిరగని రెక్క చెప్పినదాన్నే కలుపుకుంటూ పోతే చాలదా?

తిరిగే రెక్క వేరు

చాలదు. ఆ సంగతి 1945లో గ్యోటింగన్‌లోనే హిమ్మెల్‌స్కాంప్ అనే పరిశోధకుడి సిద్ధాంతవ్యాసంలో బయటపడింది. ఆయన తిరిగే ప్రొపెల్లరు రెక్క మీద ఒత్తిళ్ళు కొలిచాడు. నిలబెట్టిన రెక్కని గాలికి మరీ ఏటవాలుగా తిప్పితే ఒక కోణం దాటాక గాలి రెక్క వీపుని వదిలేసి సుడులు తిరుగుతుంది. రెక్కని ఎత్తే బలం పడిపోతుంది. దీన్ని స్టాల్ అంటారు. తిరిగే రెక్క మొదట్లో మాత్రం గాలి అంత తొందరగా వదలటం లేదు. నిలబడ్డ రెక్క ఎన్నడూ చూపించనంత బలం అక్కడ కనిపించింది. రెక్కతోపాటు తిరిగే పలచటి గాలి పొర బయటివైపుకి జారటం, దాంతో ఒత్తిళ్ళ అమరిక మారిపోవటం దీనికి కారణాలు. మొత్తానికి, నిలబడ్డ రెక్క సాక్ష్యం తిరిగే రెక్కకి చెల్లదు.

అదే 1945లో ఇంకో సంఘటన. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో గ్రాండ్‌పాస్ నాబ్ అనే కొండ మీద 1941లో స్మిత్-పట్నం మర కట్టారు. రెండు రెక్కలు, 53 మీటర్ల వ్యాసం, 1250 కిలోవాట్లు. ప్రపంచంలో మొదటి మెగావాటు గాలిమర. 1945 మార్చి 26న దాని ఎనిమిది టన్నుల రెక్క ఒకటి మొదట్లో విరిగి ఎగిరిపోయింది. అక్కడ బలహీనత ఉందని ముందే తెలుసు. యుద్ధకాలంలో ఇనుము దొరక్క పటిష్ఠం చెయ్యలేకపోయారు. మరని మళ్ళీ నిలబెట్టటానికి డబ్బు పెట్టేవాళ్ళు లేకపోయారు. గాలి ఎంత వస్తుందన్నది ఒక ప్రశ్న. ఆ గాలి రోజుకి వేలసార్లు వంచి వదులుతుంటే రెక్క ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది రెండో ప్రశ్న. రెండోదానికి జవాబు రెక్క దగ్గరే ఉంది.

కార్బన్లు అరిగిపోయాయి సార్

రెక్క ఎంత వంగిందో చెప్పే పరికరం అప్పటికే పుట్టింది. దాని పేరు స్ట్రెయిన్ గేజి. 1938లో అమెరికాలో ఇద్దరు, కాల్‌టెక్‌లో ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఎం.ఐ.టి.లో ఆర్థర్ రూజ్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని కనిపెట్టారు. వెంట్రుకలాంటి తీగని కాగితానికి అంటించి, కొలవాల్సిన వస్తువు మీద అతికిస్తారు. వస్తువు సాగితే తీగా సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం కాస్త పెరుగుతుంది. ఎంత కాస్త? మీటరు పొడవు రెక్క ఒక మిల్లీమీటరు సాగితే నిరోధం పెరిగేది 0.2 శాతం. 5 వోల్టుల బ్యాటరీతో మామూలు బ్రిడ్జి సర్క్యూట్‌లో పెడితే, చేతికొచ్చే సంకేతం 2.5 మిల్లీవోల్టులు.

ఈ మిల్లీవోల్టుల్ని తిరిగే ఇరుసునుంచి తిరగని గదిలోకి దాటించాలి. దానికి తొలి ఉపాయం స్లిప్ రింగు. ఇరుసుకి ఇత్తడి, వెండిలాంటి లోహపు కడియాలు తొడిగి, వాటిని రాసుకుంటూ బ్రష్షులు బిగిస్తారు. కడియం తిరుగుతుంది, బ్రష్షు తిరగదు, కరెంటు దాటుతుంది. జెనరేటర్లలో ఇది పాత సంగతే. మన ఇంట్లో మిక్సీ ఆగిపోతే బాగుచేసేవాడు "కార్బన్లు అరిగిపోయాయి సార్" అనేది ఈ బ్రష్షుల అన్నదమ్ముల గురించే.

మిక్సీకి కావలసింది బండ కరెంటు; బ్రష్షు కాస్త గంతులేసినా పిండి రుబ్బుతుంది. 2.5 మిల్లీవోల్టుల సంకేతానికి ఆ గంతే ప్రళయం. రాపిడికి వేడి పుడుతుంది, దుమ్ము పేరుకుంటుంది, బ్రష్షు అదిరినప్పుడల్లా గీత మీద ముళ్ళు మొలుస్తాయి. ఒక్కో గేజికి రెండు మూడు కడియాలు కావాలి. పది గేజీలైతే ఇరుసు నిండా గాజుల దుకాణమే. విండ్ టన్నెల్‌లో పెట్టే చిన్న నమూనాకైతే ఇంకో కష్టం: బ్రష్షుల రాపిడే మర తీసే శక్తిలో చెప్పుకోదగ్గ వాటా తినేస్తుంది. కొలవటంకోసం పెట్టినది కొలతనే మార్చేస్తుంది.

24 మీటర్ల ఎత్తు టన్నెల్‌లో 10 మీటర్ల మర

ఇక్కడ మనం ఇంకో సందేహం తీర్చుకోవాలి. ఆరుబయట నిజమైన మర మీదే కొలవొచ్చు కదా, టన్నెల్ ఎందుకు? అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాలవాళ్ళు, అంటే ఎన్.ఆర్.ఇ.ఎల్. వాళ్ళు, 1987నుంచి అదే చేశారు. 10 మీటర్ల వ్యాసమున్న మరని ఆరుబయట నిలబెట్టి రెక్కనిండా పరికరాలు పెట్టారు. పదేళ్ళపైన కొలిచాక అర్థమైంది ఏమిటంటే, బయట గాలి ఒక్క చుట్టు తిరిగేలోపే మారిపోతోంది. అంకెల్లో కనిపించే అలజడి రెక్కదా, వచ్చిన గాలిదా అన్నది విడదియ్యటం కష్టం. స్మీటన్ బాధే మళ్ళీ!

చిన్న నమూనా చేసి మామూలు టన్నెల్‌లో పెడదామంటే, చిన్న రెక్క చుట్టూ గాలి పెద్ద రెక్క చుట్టూ నడిచినట్టు నడవదు. అందుకని పెద్ద టన్నెల్ కావాలి. కాలిఫోర్నియాలో మాఫెట్ ఫీల్డ్ దగ్గర నాసా ఏమ్స్ కేంద్రంలో ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్దది: 80 అడుగుల ఎత్తు, 120 అడుగుల వెడల్పు. అంటే 24.4 మీటర్లు, 36.6 మీటర్లు. గాలి లాగటానికి ఒక్కొక్కటి 40 అడుగుల వ్యాసమున్న ఫ్యాన్లు ఆరు. అందులో 10 మీటర్ల మర పెడితే అది తిరిగే మేర టన్నెల్ నోటిలో తొమ్మిది శాతమే. గోడల ప్రభావం పెద్దగా పడదు. 2000వ సంవత్సరం తొలి నెలల్లో ఆ పరీక్ష జరిగింది. రెండు రెక్కలు, నిమిషానికి 72 చుట్లు, సెకనుకి 5నుంచి 25 మీటర్ల గాలి.

ఒక రెక్కలో మొదటినుంచి కొసదాకా అయిదు చోట్ల, చోటుకి 22 చొప్పున సూదిబెజ్జాలు పెట్టారు. బెజ్జంనుంచి సన్నగొట్టం రెక్కలోపలే ఉన్న ఒత్తిడి కొలిచే పరికరానికి వెళుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. పోల్చి చూడటానికి కావలసిన ప్రమాణ ఒత్తిడిని హబ్బు దగ్గరనుంచి గొట్టంలో తీసుకెళ్ళాలి. ఆ గొట్టంలో ఉన్న గాలీ రెక్కతోపాటే తిరుగుతోంది, కాబట్టి అది బయటివైపుకి తోసుకెళ్ళి కొసన ఒత్తిడి పెంచుతుంది. ఎంత? రెక్క కొసకి దగ్గరగా, 4.8 మీటర్ల వ్యాసార్ధం దగ్గర లెక్కవేస్తే సుమారు 780 పాస్కల్‌లు. సెకనుకి 10 మీటర్ల గాలి మొహానికి కొడితే ఉండే ఒత్తిడి 60 పాస్కల్‌లు. అంటే, సరిదిద్దటం మరచిపోతే తప్పు గాలికంటే పదమూడు రెట్లు ఉంటుంది. తిరిగే చోట కొలవటం అంటే ఇదీ.

కబురు దాటించే విషయంలో వీళ్ళు చేసిన మేలు మార్పు ఒకటుంది. మిల్లీవోల్టుల్ని స్లిప్ రింగు దాటించే బదులు, హబ్బు మీదే పెట్టెలు పెట్టి అంకెలుగా మార్చేశారు. కడియాలు దాటేది ఒకట్లూ సున్నాలే. బ్రష్షు కాస్త అదిరినా ఒకటి ఒకటిగానే, సున్నా సున్నాగానే చేరుతుంది. సెకనుకి 520 పైచిలుకు సార్లు, అంటే ఒక్క చుట్టుకి 430 సార్లకి పైగా, ప్రతి బెజ్జం తన కబురు చెప్పింది.

అసలు కథ ఆ తరవాత. అంకెలు బయటపెట్టకుండా, మర కొలతలు, రెక్క ఆకారం, గాలి వేగం మాత్రమే ఇచ్చి, "మా మర ఎంత శక్తి ఇచ్చిందో, రెక్కలు ఎంత వంగాయో మీ లెక్కలతో చెప్పండి" అని అమెరికా, ఐరోపా నిపుణుల్ని అడిగారు. 19 రకాల లెక్కలు వచ్చాయి. 2000 డిసెంబరులో అందరూ కూర్చుని పోల్చుకున్నారు. గాలి సూటిగా, నిలకడగా వీస్తూ, స్టాల్ లేని అతి తేలిక సందర్భంలో కూడా శక్తి అంచనాలు అసలు కొలతలో 25 శాతంనుంచి 175 శాతందాకా చెదిరిపోయాయి. స్టాల్ ఉన్నచోట 30నుంచి 275 శాతందాకా. పోనీ వీళ్ళేమైనా కొత్తవాళ్ళా అంటే కాదు. మరలు తయారుచేసేవాళ్ళు వాడే పనిముట్లే ఇవి.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. అప్పటికే వేలకొద్దీ మరలు ఈ లెక్కలతోనే నిలబడి ఉన్నాయి. అవి ఎందుకు కూలలేదంటే, లెక్క తప్పొచ్చని ముందే అనుకుని రెక్కల్ని బలంగా చేశారు. పాత మరల కొలతలకి తగ్గట్టు లెక్కల్ని సరిచేసుకుంటూ వచ్చారు. తెలిసినదానికి లెక్క బాగానే పనిచేస్తుంది. తెలియనిదాన్ని చెప్పమంటే తేలిపోతుంది. 2006లో ఐరోపావాళ్ళు నెదర్లండ్స్‌లోని పెద్ద టన్నెల్‌లో 'మెక్సికో' అనే పేరుతో 4.5 మీటర్ల మూడు రెక్కల మర మీద 148 ఒత్తిడి పరికరాలతో ఇలాంటి పరీక్షే చేశారు. ఈ రెండు పరీక్షల అంకెలతో ఇప్పటికీ కొత్త లెక్కల్ని గీటురాయి మీద గీసి చూస్తారు.

తీగ తెగింది

అంకె హబ్బు మీదే తయారైతే, దాన్ని కడియాలమీదనుంచే ఎందుకు దాటించాలి? రేడియోలో పంపొచ్చు. దూరాన్నుంచి కొలతల్ని రేడియోలో పంపటం కొత్తేం కాదు. 1929లో ఫ్రాన్స్‌లో రొబేర్ బ్యూరో, 1930 జనవరిలో రష్యాలో పావెల్ మొల్చనోవ్ బెలూన్లకి చిన్న రేడియో పెట్టెలు కట్టి, పై గాలి వేడి, ఒత్తిడి కిందికి చెప్పించారు. తీగ లేకుండా గాలి తన సంగతి తాను చెప్పుకోవటం అప్పటినుంచే ఉంది.

గాలిమరల్లో 1990ల చివర అమెరికాలో సాండియా ప్రయోగశాలవాళ్ళు 'అట్లాస్' అనే వ్యవస్థ చేశారు. రెక్కల కబుర్లు తిరిగే భాగంనుంచి రేడియోలో కిందికి వస్తాయి. అయితే ఒక కొత్త చిక్కు. తీగ ఉన్నన్నాళ్ళూ కాలం ఒక్కటే. తీగ తెగాక రెండు గడియారాలయ్యాయి, పైన ఒకటీ కింద ఒకటీ. వాళ్ళు రెండిటికీ జి.పి.ఎస్. ఉపగ్రహాలనుంచి టైము తీసుకున్నారు.

ఆ తరవాత చౌక రేడియో చిప్పులు వచ్చాయి. వాటిలో అందరికీ తెలిసినది బ్లూటూత్. ఆ పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్‌ది. ల కూర్ దేశం మళ్ళీ కథలోకి వచ్చింది. పాత బ్లూటూత్ ఒకే కాలువలో మాట్లాడదు. 79 కాలువల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. ఇలా గెంతే ఉపాయానికి 1942లో పేటెంటు తీసుకున్నవాళ్ళలో ఒకరు హాలీవుడ్ తార హెడీ లామార్, మరొకరు సంగీతకారుడు జార్జ్ ఆంటైల్. శత్రువులు టార్పెడోని దారి మళ్ళించకుండా ఉండటానికి వాళ్ళు వేసిన ఎత్తు అది. పియానోలో మెట్లు 88 కాబట్టి కాలువలూ 88 అనుకున్నారు. ఇటీవల స్విట్జర్లండ్ పరిశోధకులు 'ఏరోసెన్స్' అనే పలచటి పట్టీ చేశారు. 40 ఒత్తిడి పరికరాలు, 10 మైకులు, సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం. రెక్కకి బెజ్జం పెట్టకుండా పైన అతికిస్తే చాలు, బ్లూటూత్ మీద కబుర్లు పంపుతుంది.

టన్నెల్‌లో ఇది ఎంత సుఖమో నాకు అనుభవం. కష్టాలూ అనుభవమే. మీటరు వ్యాసం నమూనా నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే రెక్క కొసన భూమ్యాకర్షణకి 200 రెట్ల తోపుడు ఉంటుంది. మూడు గ్రాముల గడియారం బ్యాటరీ అక్కడ ఆరు వందల గ్రాముల బరువై కూర్చుంటుంది. తన లోపలి స్ప్రింగునుంచి తానే ఊడిపోతుంది. అందుకే పెట్టెని ఇరుసుకి వీలైనంత దగ్గరగా పెట్టుకోవాలి. గడియారాల సంగతీ అంతే. రెండు గడియారాల మధ్య తేడా పది లక్షలకి 20 అనుకుందాం. చౌక చిప్పులకి అది మామూలే. పది నిమిషాల్లో 12 మిల్లీసెకన్లు తప్పుతాయి. 600 చుట్ల వేగంలో అది 43 డిగ్రీలు. రెక్క పైన ఉందనుకున్నప్పుడు పక్కకి వాలి ఉంటుంది! ప్రతి చుట్టుకీ ఒక గుర్తు రెక్క వైపు పెట్టెలోనే రాసుకుంటే తప్ప ఈ రోగం కుదరదు.

నా బోల్తా

ఇప్పుడు నా సంగతి. చదువుకునే రోజుల్లో అలాంటి మీటరు నమూనా మీదే నా పని. సెకనుకి వెయ్యి అంకెలు. పదేసి అంకెలు మూటకట్టి రేడియో పంపేది. చుట్టుకి పది మూటలు. మూట అందకపోతే మళ్ళీ పంపే ఏర్పాటు లేదు. మొత్తం మీద నూటికి ఆరు మూటలు పోయేవి. ఆరు శాతమే కదా అనుకున్నాను. పోయినచోట అటూ ఇటూ ఉన్న అంకెల్ని సరళరేఖతో కలిపేశాను. గీత ముచ్చటగా వచ్చింది. నివేదిక రాసి, పనికి డబ్బిచ్చిన సంస్థకి పంపేశాం కూడా.

మా ల్యాబులో పాతికేళ్ళుగా స్లిప్ రింగులు తుడుస్తూ వచ్చిన టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు. రేడియో అంటే ఆయనకి చిన్నచూపని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు గోడమీద నేను అంటించిన గీత చూస్తూ నిలబడి, "రెక్క స్తంభం ముందునుంచి పోయేటప్పుడు గుంట పడాలి కదా, ఇదేమిటి ఇంత చదునుగా ఉంది?" అన్నారు. స్తంభం గాలికి అడ్డు. రెక్క దాని ముందుకు రాగానే బలం ఒక్కక్షణం తగ్గాలి. నేను ఏదో చెప్పబోయాను. "పోయిన మూటలు ఏ కోణంలో పోయాయో గీసి చూశావా?" అని అడిగారు. చూడలేదు.

ఆ రాత్రి చూశాను. దాదాపు అన్నీ ఒకేచోట పోయాయి. రేడియో పెట్టె ఉన్న రెక్క కిందికి రాగానే పెట్టెకీ రిసీవరుకీ మధ్య ఇనుపస్తంభం అడ్డొస్తోంది. మొత్తంలో ఆరు శాతమే. కానీ ఆ ఒక్క 36 డిగ్రీల ముక్కలో నూటికి అరవై. గాలికి అడ్డొచ్చిన స్తంభమే రేడియోకీ అడ్డొచ్చింది. రెక్క ముఖ్యమైన మాట చెప్పబోయిన ప్రతిసారీ దాని నోరు మూసుకుపోయింది. ఆ ఖాళీలో నా సొంత మాట పెట్టి, అది రెక్క చెప్పిందన్నాను. గుంట సగానికి పైగా నేనే పూడ్చాను.

చిన్న గుంటే కదా అనుకోకూడదు. నిమిషానికి 15 చుట్లు తిరిగే పెద్ద మర ఇరవై ఏళ్ళు ఆగకుండా తిరిగితే 15 కోట్లకి పైగా చుట్లు. చుట్టుకోసారి ఆ గుంట రెక్కని వంచి వదులుతుంది. రెక్క ఎన్నాళ్ళు బతుకుతుందన్న లెక్క ఆ గుంట లోతు మీద ఆధారపడుతుంది. వెర్మాంట్ కొండ మీద జరిగింది నాకు అప్పటికే తెలుసు. చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను.

తప్పు ఒప్పుకుంటూ సంస్థకి ఉత్తరం రాశాం. ఆ సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. రిసీవరుని ఒకటికి రెండు చేసి వేరే వేరే వైపుల పెట్టాం. హబ్బు మీద చిన్న మెమరీ కార్డు పెట్టి అంకెలన్నీ అక్కడే రాయించి, మర ఆగాక తీసి చూసుకునేవాళ్ళం. రేడియో మీద వచ్చేది నడుస్తుండగా చూసుకోవటానికి, నమ్మేది కార్డుని. అలా కొలిస్తే గుంట దాని లోతులో అది కనిపించింది. ఆ టెక్నీషియన్‌గారు రేడియోని తిట్టలేదు. కొత్త గీత చూసి, "కార్డు ఊడిరాకుండా గట్టిగా బిగించావా?" అని మాత్రం అడిగారు.

కిందటిసారి ఊరెళ్ళినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి మీదుగా వెళ్ళాను. కొండల మీద మరలు తిరుగుతున్నాయి. కింద చేలో ఒక రైతు మేకలు కాస్తున్నాడు. ఆయన వాటి వంక చూడటం కూడా మానేసి చాలా ఏళ్ళయి ఉంటుంది. నేను మాత్రం కారాపి, ఒక రెక్క స్తంభం ముందుకి వచ్చిన ప్రతిసారీ లెక్కపెడుతూ కాసేపు నిలబడ్డాను. ఆ క్షణంలో అది కొంచెం సడలుతుందని తెలుసు కానీ కంటికి కనపడదు. ఇప్పటికీ నేను గీత గీస్తే, అంకె అందనిచోట ఖాళీ వదిలేస్తాను. చూడటానికి అంత ముచ్చటగా ఉండదు.